చిల్లి తిత్తి

అనగనగా గోదావరి ఒడ్డున, ధర్మపురికి రెండు మూడు ఊళ్ల అవతల, ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక నాటక సమాజం. సమాజానికున్న ఆస్తి రెండు తెరలు, పెట్టెడు కిరీటాలు, ఒక లెగ్ హార్మోనియం. ఊరి పేరు అడక్కండి. నీతి కథలో ఊరికి పేరు పెడితే ఆ ఊరివాళ్లు ఊరుకోరు.

హార్మోనియం వాయించేది ఒక తాత. చిన్నా పెద్దా అందరికీ ఆయన హార్మోనిస్టు తాతే. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా వినపడదు. స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని, రెండు కాళ్లతో కింద పెడళ్లు తొక్కుతుంటే తిత్తి నిండుతుంది. చేతులు రెండూ మెట్ల మీద తిరుగుతాయి. కళ్లు మాత్రం మెట్ల మీద ఉండవు. వేషం కట్టినవాడి గొంతు దగ్గరి నరం మీద ఉంటాయి. ఆ నరం ఉబ్బిందంటే రాగం లేవబోతోందని లెక్క.

ఆ హార్మోనియానికి ఒక జబ్బుంది. ఏనాడో ఎలుక తిత్తి మూల కొరికింది. తోలు ముక్క అంటించారు, ఊడింది. మళ్లీ అంటించారు, మళ్లీ ఊడింది. మామూలుగా తొక్కినంతసేపు తెలియదు. పద్యం పైస్థాయికి పోయి అక్కడే నిలబడి, నాలుగు మెట్లు ఒక్కసారే పట్టాల్సి వస్తే మాత్రం గాలి చాలదు. శ్రుతి సన్నబడుతుంది, ఇంకా సన్నబడుతుంది, ఒక్క రెప్పపాటు ఆగిపోతుంది. తాత గబగబా రెండు తొక్కులు తొక్కితే మళ్లీ లేస్తుంది.

సత్య హరిశ్చంద్రలో కాటిసీను దగ్గరే ఎప్పుడూ ఆ తంటా. హరిశ్చంద్రుడి వేషం ఒక నేతన్నది. పగలంతా మగ్గం, రాత్రి కాటికాపరి. లోహితాస్యుడి శవాన్ని భుజాన వేసుకుని చంద్రమతి వస్తుంది. కట్టుకున్న భార్యనే కాటి సుంకం అడగాలి. అక్కడ పద్యం ఎత్తుకుని, చివర రాగం తీసి, హార్మోనియం ఆగగానే ఆయనా ఆగేవాడు. శ్రుతి లేకుండా పాడలేడు కాబట్టి ఆగేవాడు, అంతే. ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకునేది సరిగ్గా అక్కడే. ముప్పై ఏళ్లు ఇట్లాగే నడిచింది. ఎక్కడ ఏడవాలో ఊరికంతటికీ తెలుసు. ఎందుకక్కడే ఏడుస్తున్నారో ఎవరూ ఆలోచించలేదు.

ఒక ఏడు మస్కట్ పోయినవాడొకడు సెలవు మీద వస్తూ సమాజానికి కీబోర్డు తెచ్చిచ్చాడు. నల్లగా, నాజూగ్గా, చంకలో పట్టేంత. అందులో సన్నాయి ఉంది, వీణ ఉంది, హార్మోనియం గొంతు కూడా ఉంది. బటన్ నొక్కితే చాలు. వాయించడానికి వాడి మేనల్లుడే దొరికాడు. పెళ్లి బరాతుల్లో, వినాయకుడి మంటపాల్లో వాయించి చేయి తిరిగిన పోరడు. నాటకంలోని పద్యాలన్నీ ఫోన్లో విని పదిహేను రోజుల్లో పట్టేశాడు. తాతను సన్మానం చేసి, శాలువా కప్పి, మొదటి వరసలో కూర్చోబెట్టారు. మన దగ్గర ఎవరినన్నా పక్కన పెట్టాలంటే మొదట శాలువా కప్పుతారు.

శివరాత్రి జాగారం. నాటకం మొదలైంది. ఇక్కడ కరెంటు పోయి, కీబోర్డు మూగబోయి, తాత హార్మోనియం ఆదుకుంటుందని మీరు అనుకుంటున్నారేమో. పోలేదు. పక్కనే రామగుండం, 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ; కరెంటు తెల్లవార్లూ నిక్షేపంగా ఉంది. పోరడు ఒక్క మెట్టు తప్పలేదు. కాటిసీనులో రాగం లేచింది, శ్రుతి గోడలా నిలబడింది, నేతన్న ఆ గోడకు ఆనుకుని ఎన్నడూ పాడనంత పొడవున పాడాడు. వన్స్‌మోర్ కూడా కొట్టారు.

ఒక్కరూ ఏడవలేదు.

పొద్దున హోటల్ కాడ ఇదే పంచాయితీ. మైకు మంచిది కాదని ఒకడు. టీవీ సీరియళ్లు చూసి చూసి కండ్లల్ల నీళ్లే అయిపోయినయని ఇంకొకడు. నేతన్నకు వయసు మీదపడ్డదని మూడోవాడు. పాలు పోయడానికొచ్చిన ఒక అవ్వ అంతా విని, "నేతన్న మంచిగనే పాడిండు గని, ఆడ ఊపిరి దీసుకోలే బిడ్డా. ఆయనే ఊపిరి దీసుకోకుంటె ఇగ మేమెప్పుడు ఏడ్వాలె?" అని గిన్నె ఎత్తుకుని పోయింది.

ఆ మాట పోరడి చెవిన పడింది. సాయంత్రం తాత ఇంటికి పోయాడు. ముసలమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. తాత హార్మోనియం పై పలక ఊడదీసి, ఒక ఇత్తడి రీడును బ్లేడుతో గీకుతున్నాడు. కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఒక్క గీకు, ఒక ఊదు, చెవి దగ్గర పెట్టుకుని వినడం, మళ్లీ ఒక్క గీకు.

"తాతా, నేనేమన్న తప్పు వాయించిన్నా?"

"ఒక్కటి గూడ లేదు బిడ్డా. నేనే రోజుకు రెండు తప్పుత."

"మరి కాటిసీన్ల ఆడ ఎందుకు ఆగుతవు?"

"నేనేడ ఆగిన? తిత్తికి చిల్లున్నది. గాలి పోతాంది. అదే ఆగుతది."

"గంతేనా?"

"గంతే."

పోరడికి నవ్వొచ్చింది. ఇంత సులువా అనుకున్నాడు. శ్రీరామనవమికి మళ్లీ నాటకం పడింది. సరిగ్గా ఆ చోట మెట్ల మీంచి వేళ్లు ఎత్తేశాడు. శ్రుతి టక్కున తెగింది. జనం ఏడవలేదు సరికదా, అందరూ తలెత్తి బల్బుల వంక చూశారు, కరెంటు పోయిందేమోనని.

తాత నవ్వలేదు. మిరుగు దాటాక ఒక రోజు కబురు పెట్టి పిలిచాడు. "దా, గీడ కూసో. నువ్వు తొక్కు, నేను వాయిత్త" అన్నాడు. వానాకాలమంతా అదే పని. పోరడు కింద ముక్కాలి పీట వేసుకుని పెడళ్లు తొక్కడం, తాత పైన వాయించడం. మెట్టు ముట్టనివ్వలేదు. మొదట్లో పిక్కలు పట్టేశాయి, విసుగొచ్చింది, రెండు మూడు సార్లు మానేశాడు కూడా. మెల్లగా ఒకటి తెలియసాగింది. గాలి చాలదన్న సంగతి చెవికి తెలిసేలోపే కాలికి తెలుస్తుంది. పెడల్ తేలిగ్గా దిగిపోతుంది, కింద నేల లేనట్టు. అప్పుడు కంగారుపడి తొక్కితే శ్రుతి ఎక్కిళ్లు పెడుతుంది. ఆగి, పోనిచ్చి, పూర్తిగా పోకముందే అందుకోవాలి. చుక్క నూనె ఉన్న దీపాన్ని చూసుకున్నట్టు.

కార్తీకం వచ్చేసరికి పోరడికి తాత మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ పుడితే మనవాళ్లు చేసే మొదటి పని ఏదో ఒకటి బాగుచేయించడం. బరాతుల్లో వచ్చిన డబ్బులు కూడబెట్టి, హార్మోనియాన్ని ఆటోలో కరీంనగర్ తీసుకుపోయి, కొత్త తిత్తి వేయించుకొచ్చాడు. చిల్లి లేదు, అతుకు లేదు. ఊరంతా గుండెలు బాదుకుంది. ఉన్న ఒక్క చిల్లీ పూడ్చేశాడు, ఇక ఏడుపెట్లా వస్తుందని.

మళ్లీ శివరాత్రి. తాత మోకాళ్లు సహకరించలేదు. కుర్చీలో పోరడే కూర్చున్నాడు. కాటిసీను. చంద్రమతి వచ్చింది. నేతన్న రాగం ఎత్తాడు. పోరడు మెట్ల వంక చూడలేదు, నేతన్న గొంతు నరం వంక చూస్తున్నాడు. నాలుగు మెట్లు పట్టాడు. ఆ చోటు వచ్చింది. కాలు నెమ్మదించింది. శ్రుతి సన్నబడింది, ఇంకా సన్నబడింది. నేతన్న ఆగాడు.

పాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తిత్తిలో గాలి నిండుగా ఉంది.

*

నీతి కథ అన్నాక నీతి చెప్పాలి. పాత పాట ఏ వాయిద్యం మీద పుట్టిందో, ఆ వాయిద్యానికున్న లోటును కూడా కలుపుకునే పుడుతుంది. ఆ లోటు కింద కొన్నాళ్లు కాళ్లు పెట్టి తొక్కనివాడు దాన్ని సరిదిద్దనూ లేడు, దాటిపోనూ లేడు. ఇది పద్యనాటకాలు చూస్తూ నాకు తట్టింది కాదు. ఇక్కడికి వేల మైళ్ల దూరంలో హార్ప్సికార్డ్ అనే వాయిద్యం వాయించేవాళ్ల బతుకుల గురించి చదువుతుంటే తట్టింది. కథ మాత్రం గోదావరి ఒడ్డుకు చేరింది, మనకు తెలిసిన తిత్తి అదే కాబట్టి.

హార్ప్సికార్డ్ పియానోకు పెద్దక్క. చూపులకు ఇంచుమించు అట్లాగే ఉంటుంది. పియానోలో మెట్టు నొక్కితే చిన్న సుత్తి పోయి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే ఒక చెక్క పుల్ల లేచి, దానికి గుచ్చిన ఈక తీగను మీటుతుంది. పాతకాలంలో అచ్చంగా పక్షి ఈకే. అందుకే దానికో లోటు: ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెత్తగా నొక్కినా అంతే చప్పుడు. పైగా మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి అనే ఆయన వేలి బలాన్ని బట్టి పలికే పియానో చేశాడు. ఆ శతాబ్దం చివరికి హార్ప్సికార్డులు మూలన పడ్డాయి. కథలో కీబోర్డు వచ్చినట్టే.

కానీ సంగీతకర్త బాఖ్, ఆయన పుట్టిన 1685లోనే పుట్టిన హాండెల్, స్కార్లాటీ ఈ మెట్ల వాయిద్యానికి రాసిన సంగీతమంతా ఆ ఈక మీటుకు రాసిందే. స్కార్లాటీ ఒక్కడే 555 సొనాటాలు రాశాడు. గట్టిగా కొట్టి ఒక స్వరాన్ని ఎత్తిచూపే వీలు లేనప్పుడు వాద్యకారుడు ఏం చేస్తాడు? ఆ స్వరం దగ్గరికి వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తాడు. విన్నవాడికి అది గట్టిగా మోగినట్టే అనిపిస్తుంది. నేతన్న కాటిసీనులో చేసింది అదే.

ఇంకో ఉదాహరణ ఇంకా గట్టిది. బాఖ్ 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్, రెండు మెట్ల వరసలున్న హార్ప్సికార్డ్ కోసమని ఆయనే శీర్షికలో రాశాడు. ఒక చేయి పై వరసలో, ఇంకో చేయి కింది వరసలో, ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ పోతాయి. పియానోకు ఉన్నది ఒకటే వరస. అక్కడ వాయిస్తే రెండు చేతుల వేళ్లూ ఒకే మెట్టు కోసం కొట్లాడుకుంటాయి. గొప్ప పియానిస్టులు దాన్ని గొప్పగా వాయించారు, కాదనను. కానీ ఆ కొట్లాట బాఖ్ పెట్టింది కాదు.

మూలన పడ్డదాన్ని లేపి కచేరీలో కూర్చోబెట్టినవాళ్లలో వాండా లాండోవ్‌స్కాది పెద్ద పేరు. 1879లో వార్సాలో పుట్టింది, పియానో నేర్చింది, 1903లో జనం ముందు హార్ప్సికార్డ్ వాయించడం మొదలుపెట్టింది. గోల్డ్‌బర్గ్‌ను హార్ప్సికార్డ్ మీద మొట్టమొదట రికార్డు చేసింది ఆమే, 1933లో. పారిస్ దగ్గర ఒక ఊళ్లో పాత సంగీతానికి బడి పెట్టింది. 1940లో జర్మన్లు వస్తే వాయిద్యాలు, పుస్తకాలు వదిలేసి పారిపోవాల్సి వచ్చింది. యూదురాలు కావడంతో ఆ ఇల్లంతా నాజీలు దోచుకున్నారు. ఓడ దిగి న్యూయార్క్‌లో అడుగుపెట్టింది 1941 డిసెంబర్ 7న, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడిన రోజున. అప్పటికి అరవై రెండేళ్లు. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టి 1959లో పోయేదాకా వాయించింది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆమె వాయించింది పాత వాయిద్యం కాదు. పారిస్‌లోని ప్లెయెల్ పియానో కంపెనీ 1912లో ఆమె కోరినట్టు చేసిచ్చిన పెద్ద పెట్టె, కాలి పెడళ్లతో సహా. చిల్లి పూడ్చిన తిత్తి అనుకోండి. తర్వాతి తరం వచ్చి ఇది హార్ప్సికార్డ్ వేషం కట్టిన పియానో అంది. ఆ తరంలో ముందు నడిచినవాడు డచ్చివాడైన గుస్టాఫ్ లియోన్‌హార్ట్. పాత వాయిద్యాలను కొలిచి, వాటి పోలికనే చేయించిన తేలికపాటి చెక్క వాయిద్యాల మీద వాయించాడు. ఈ మార్గం వాళ్లు శ్రుతిని కూడా ఇవాళ్టి 440 నుంచి 415కు, అంటే అర స్వరం కిందికి, దించుకున్నారు. మన హార్మోనిస్టుకు వేషగాడు "అర శ్రుతి దించన్నా" అని సైగ చేసినట్టు.

ఎవరు ఒప్పు? నాకైతే లాండోవ్‌స్కా రికార్డు వింటే ఆమె కాలు పాత తిత్తి కింద పెట్టినదేనని అనిపిస్తుంది. పెట్టె కొత్తదైనా, ఆగడం ఎక్కడో ఆమెకు తెలుసు. తెలియనివాడి చేతిలో అచ్చమైన పాత వాయిద్యం పెట్టినా వేళ్లెత్తేసిన పోరడిలాగే జనాన్ని బల్బుల వంక చూపిస్తాడు.

బతుకు మాటకొస్తే, వాళ్లదీ మన హార్మోనిస్టుల లాంటిదే. హార్ప్సికార్డ్‌కు ఎండ సోకినా చలి సోకినా శ్రుతి పోతుంది. కచేరీకి ముందు వాద్యకారుడే కూర్చుని తీగ తర్వాత తీగ సరిచేసుకుంటాడు, మధ్యలో విరామం ఇస్తే జనం కాఫీకి పోతే ఆయన మళ్లీ శ్రుతి దగ్గరికి పోతాడు. అంతటి లియోన్‌హార్ట్ కూడా కచేరీలతోనే బతకలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాఠాలు చెప్పాడు, ఏళ్ల తరబడి చర్చిలో ఆర్గాన్ వాయించాడు. 1968లో ఒక సినిమాలో బాఖ్ వేషం కూడా కట్టాడు. మన పోరడు బరాతుకు పోవడంలో నామోషీ ఏమీ లేదు.

మన హార్మోనియం సంగతి ఇంకా తమాషా. అదీ పరాయిదే, 1840ల్లో పారిస్‌లో దెబైన్ పేటెంట్ తీసుకున్న పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్లు తీసేసి, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊపుకునేటట్టు మలిచాడు. నాటకాలవాళ్లకు మాత్రం కాళ్లదే నచ్చింది, రెండు చేతులూ, రెండు కళ్లూ ఖాళీగా ఉంటాయి కాబట్టి. గమకం పలకదు, రెండు మెట్ల మధ్య స్వరం లేదు అని పండితులు దాన్ని తిట్టారు. 1940 మార్చి 1న ఆలిండియా రేడియో ఏకంగా నిషేధించింది. 1971 దాకా ఆ పట్టు సడలలేదు. ఆ లోటు నిజమే. ఆ లోటు మీదే మన పద్యనాటకం తన రాగాలు కట్టుకుంది. ఒకనాడు వీణను చెరిపే పరాయిది అనిపించుకున్నదే ఇవాళ కీబోర్డు ముందు పాతదైపోయి, శాలువా కప్పించుకుంటోంది.

ఇంకా పాతవి గోదావరి దాటితే ఆదిలాబాద్ వైపున్నాయి. రాజగోండుల వంశకథలు పాడే ప్రధానులు, తోటీల చేతిలోని మూడు తీగల కికిరి అట్లాంటిది. ఒక్కో వంశానికి తరతరాలుగా ఒక్కో పాటగాడి కుటుంబం. పాడినందుకు ధాన్యమో, బట్టో, పశువో ఇవ్వడం ఆ వంశం బాధ్యత. జర్మన్ దొరల కొలువులో బాఖ్‌కు అందిన జీతం కన్నా ఇది నాకు గట్టి ఏర్పాటుగా కనిపిస్తుంది. దొర మారితే కొలువు పోతుంది, వంశం మారదు కదా. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు నడిచిపోయి తెస్తారు. ఆ వంశకథ కికిరి మీద నడిచే కథ. అది రికార్డు చేసి దాచాలని చాలామంది అంటారు. దాచాలి. కానీ రికార్డు విని పదిహేను రోజుల్లో పట్టినవాడి సంగతి మీరు చూశారు కదా. కికిరి పట్టుకునే పిల్లవాడు వానాకాలమంతా పక్కన కూర్చోవాలి, ఆ వానాకాలం వాడికి తిండి ఎవరన్నా పెట్టాలి.

ఈ కథ ఒకచోట చెబితే, అంతా విని ఒకాయన అడిగాడు, ఎలుక కొరికిన ఆ పాత తిత్తి ఏమైందని. ఏ మ్యూజియంలోనో పెట్టారేమోనని ఆయన ఆశ. లేదు. తాత భార్య దాన్ని రెండు ముక్కలు కోసి, బీడీల చాట కింద మోకాళ్లు ఒరుసుకోకుండా పరుచుకుంటోంది.